ఎర్ర బోయా అవతలి దగ్గు

సోమవారం. ఆటు. తూర్పు గాలి.

నాడి, ఒంటి వేడి, నాలుక రంగు, కళ్ల తెలుపు అన్నీ పై గడుల్లో నింపేశాను. చేతి పట్టీ ఆకుపచ్చగా వెలుగుతోంది, అంటే కాలేయం క్షేమం. ఇక మిగిలింది అడుగున "ఇతర విశేషాలు" అన్న గడి. ఔషధ నియంత్రణ మండలివాళ్లు ఏ ముహూర్తాన పెట్టారో గానీ, నాకు అదే వీధి అరుగు. మనిషి దొరకనప్పుడు గడితోనైనా మాట్లాడుకోవాలి కదా. దీన్ని ఎవరూ చదవరు. చదివేవాళ్లే ఉంటే నా వాగుడుకి ఈపాటికి ఒక్క చీవాటైనా పడేది.

విశేషం ఏమిటంటే, కొత్త మందు దిగింది. ఎర్రగీత డబ్బా, లోపల బూడిదరంగు పొడి. ఉప్పు దగ్గుకట. పంపినవాళ్ల పేరు ఉండదు, ఊరు ఉండదు, ఒక అంకె మాత్రం ఉంటుంది. ఎవరిదో తెలిస్తే నా నాలుక పక్షపాతం చూపిస్తుందని చట్టానికి భయం. నా నాలుకకి అంత తెలివే ఉంటే నేనీ పడవ మీద ఎందుకుంటాను?

పొద్దున ఉప్పు గదిలో కూర్చుని, ఒడ్డున ఈ దగ్గు తెచ్చిపెట్టే ఉప్పు మంచు పీల్చాను. కాసేపటికే దగ్గు పట్టుకుంది. ముందు జబ్బు తెచ్చుకోవాలి, తరవాత మందు మింగాలి, అదీ నా కొలువు. కాగితాల్లో నన్ను మానవ పరీక్షకురాలు అంటారు. ఒడ్డున తెప్పల మీద ఇళ్లు కట్టుకున్న జనం మాత్రం గవర్నమెంటు నాలుక అంటారు. ఆ పేరే నయం, ఉన్నమాట.

యంత్రాలు సరే అన్న మందులు తాగి జనం రాలిపోయిన ఏడాది ఒకటి వచ్చింది. అప్పటినుంచీ ఆకు మందైనా వేరు మందైనా ముందు ఒక మనిషి గొంతు దిగాలి, మండలం పాటు, అంటే నలభై రోజులు, ఆ ఒంట్లో పనిచేయాలి, అప్పుడే అంగట్లోకి రావాలి. ఆ మనిషికి వేరే రుచి, వేరే వాసన, వేరే మనిషి తగలకూడదు. అందుకే ఈ పడవ, ఈ లంగరు. చప్పిడి అన్నం, కాచిన నీళ్లు. చుట్టూ సముద్రమంత ఉప్పు, నా కంచంలో చిటికెడు లేదు.

వంక పెడుతున్నాననుకోకండి. పోయిన ఏడు బలానికని ఒక లేహ్యం వచ్చింది. యంత్రం భేషుగ్గా ఉందంది. వారం తిరక్కుండా నా గోళ్లు నల్లబడ్డాయి. అదే అంగట్లోకి వెళ్లి ఉంటే ఎన్ని ఇళ్లల్లో ఏడుపులో. ఆ మందును ఆపినరోజు నామీద నాకే గౌరవం కలిగింది.

ఇవాళ పొడి చెంచాడు, చట్టప్రకారం కాచి చల్లార్చిన నీళ్లతో వేసుకున్నాను. మొదట అడ్డసరం చేదు. వెనకే పిప్పలి కారం. అన్నిటికీ అడుగున, కొండనాలుక దగ్గర, సన్నగా ఒక మాడు.

ఆ మాడు నాకు తెలుసు. గ్లాసు చేత్తో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. ఇవాళ్టికి ఇంతకన్నా రాయను.

గురువారం. పోటు. గాలి లేదు.

గురువారం భూలోకం వచ్చే రోజు. సరుకుల పడవ నడుపుతాడు. హద్దు గుర్తుగా నీళ్ల మీద తేలే ఎర్ర బోయా దాటి ఇటు రాకూడదు. అక్కడ ఆగి బుట్టని తాడుకి కడితే, నేను ఇటునుంచి చక్రం తిప్పి లాక్కుంటాను. ఇన్నేళ్లలో అతని ముఖం సరిగ్గా ఎలా ఉంటుందో నాకు తెలియదు. తలకి చుట్టిన గళ్ల తువ్వాలు, కంచులాంటి గొంతు, అంతే.

"ఆయ్! అక్కగారండీ! ఉన్నారాండీ?"

"లేకపోతే ఎక్కడికి పోతానయ్యా? సంతకి వెళ్లానా?"

"అడగడం మరేద కదండి!" అని నవ్వాడు. నవ్వు సగంలో దగ్గు తగులుకుంది. పేగులు పెళ్లగించుకుని వచ్చే ఉప్పు దగ్గు. నీళ్ల మీద దగ్గు బాగా వినిపిస్తుంది.

"ఎప్పటినుంచి అది?"

"మొన్నటి మంచు తగిలిందండి. తెప్పల మీద ఇంటింటా ఇదే పాటండి బాబూ. యేటా పేరిందేవమ్మగారు ఓ గళాసుడు పట్టిచ్చేవోరండి, దెబ్బకి తుడిచిపెట్టినట్టు పోయేది. ఈ ఏడు ఆవిడ మందుకీ చీటీ కావాలన్నారు కదండి. పరీచ్చకి పంపేరంట. అదయ్యేదాకా సుక్క పొయ్యకూడదంట."

నా చెయ్యి చక్రం మీద ఆగిపోయింది. పేరిందేవి నా అక్క. తోడబుట్టినది. ఆ సంగతి భూలోకానికి తెలియదు. పొడి డబ్బాలు తన బుట్టలోనే వస్తున్నాయనీ తెలియదు. తెలిసినా సీలు తీసే రకం కాదు.

"ఆస్పత్రికి వెళ్లకపోయావా?"

"ఎల్లేనండి. ముక్కుకి గాలి గొట్టం తగిలిచ్చేరండి. అదున్నంతసేపూ మారాజునే. గొట్టం పెట్టుకుని తాళ్లు లాగలేం కదండి మరి!"

క్యారేజీ మూత తీసి తరవాణి గటగటా తాగాడు. పొద్దునపూట పులిసిన అన్నం తేట పడందే అతనికి దినం గడవదు. "మీకేమో ఉప్పులేని కూడు, నాకేమో పులిసిపోయిన కూడు. ఏం జాతకాలండీ మనయి!" అంటూ మూతి తుడుచుకుని మోటారు వేశాడు. నాలాంటివాళ్లవే ఇంకా నాలుగు లంగర్లకి సరుకులు వెయ్యాలి పాపం.

మోటారు చప్పుడు దూరమై ఆగిపోయాక ఈ పడవ మీద ఎలా ఉంటుందో చెప్పడం నావల్ల కాదు. ఇంకాసేపు ఉండవయ్యా అని ఏనాడూ అడగలేదు. ఉంటాడేమోనని భయం, ఉండడేమోనని ఇంకా భయం.

ఆదివారం. ఆటు. దక్షిణపు గాలి.

పట్టీ ఎర్రబడింది. దగ్గు తగ్గలేదు సరికదా, కుడి డొక్కలో నిప్పు పెట్టినట్టుంది. కళ్లల్లో పసుపు జీర. ఇది మొదటి ఎరుపు. ఒక మందుకి మూడు ఎరుపులు పడితే దాని పేరే చెరిపేస్తారు. మళ్లీ దరఖాస్తు ఉండదు. ఆ తరవాత అది కాచినవాళ్లు నేరస్తులు.

రాయకూడదు. అయినా రాస్తున్నాను. ఈ పొడి మా అక్కది. మా ఇంట్లో వేరుని మూకుట్లో వేయించరు, పగిలిన కుండ పెంకు మీద వేయిస్తారు. ఆ పెంకు మాడు ఇంకెవరి చేతికీ రాదు. తయారీదారుని పోల్చుకున్న పరీక్షకురాలు వెంటనే నోరు విప్పి చెప్పాలి. చెబితే నా అనుమతి పోతుంది, పరీక్ష రద్దవుతుంది. మిగతా పరీక్షకులు వచ్చే వర్షాల దాకా ఖాళీ లేరు. ఈలోపు మంచు కాలం తన పని తాను చేసుకుపోతుంది.

అసలు బాధ అదీ కాదు. ఆ మందు వేసుకునే తీరు అది కాదు. మండలి పొడి సరుకే తీసుకుంటుంది. తడి సరుకు పూటకో రకంగా మారుతుందని దాని జోలికి పోదు. అక్క పొడి పంపి ఊరుకుంది. ఎవరో దాన్ని నీళ్లతో మింగేస్తారని దానికి కలలో కూడా తోచి ఉండదు. మా ఇంట్లో ఆ పొడిని మందనే అనరు, నానాకే మందంటారు. దేంట్లో నానాలో మాత్రం బయటివాళ్లకి చెప్పరు. మందులో సగం పంపి మిగతా సగం గురించి నోరు కుట్టేసుకోవడం, మా వాళ్లు తప్ప ఇంకెవరూ చెయ్యలేని తెలివితక్కువ పని.

నాకు తెలుసు. మా అమ్మ మా ఇద్దరి చేతులూ మణికట్టు దాకా కుండలో ముంచించి, చెవిలో చెప్పింది. నోరు దాటితే మందు చచ్చిపోతుందని ఒట్టు పెట్టించుకుంది. ఈ గడిలో కూడా రాయను.

నేనీ కొలువులో చేరిననాడు అక్క ఒక్కటే అడిగింది, "ఇంటి గుట్టు తెలిసినదానివి, పోయి వాళ్ల నాలుకవి అవుతావటే?" అని. అప్పటినుంచీ మాటల్లేవు. గుట్టు నేను దాచుకునే ఉన్నాను, అక్కకే నమ్మకం లేదు.

మంగళవారం. పోటు. మబ్బు.

రెండో ఎరుపు. తిన్నది ఇమడడం లేదు.

మండలి అధికారి శేషఫణిగారు రేడియోలోకి వచ్చారు. వారానికోసారి వస్తారు, అంకెలు సరిచూసుకుంటారు, వెళ్లిపోతారు. గొంతులో ఎత్తుపల్లాలు ఉండవు.

"మాణిక్యం గారూ, రెండోది కూడా పడింది. మూడోది పడితే కొట్టివేత తప్పదు. మీకు విశ్రాంతి ఇస్తున్నాను. వచ్చే శుక్రవారం మళ్లీ మోతాదు."

"ఒడ్డున దగ్గు ఎలా ఉందండీ?"

ఇన్నేళ్లలో నేను అంకెలు కాకుండా ఇంకోటి అడగడం ఇదే మొదటిసారేమో. "బాగా లేదండీ. గాలి గొట్టాలు చాలడం లేదు. పెద్దవాళ్లు తట్టుకోలేకపోతున్నారు. మీరు చెప్పదలుచుకున్నది ఇంకేమైనా ఉందా?"

"ఏమీ లేదండి," అన్నాను. అన్నాక నా నోరు నాకే చేదైపోయింది.

ఈ పడవ తప్ప నాకు చోటు లేదు. పెళ్లి లేదు, పిల్లలు లేరు, ఉన్న ఒక్క అక్క గుమ్మం తొక్కనివ్వదు. అనుమతి పోతే ఏ తెప్ప మీద దిగను? ఎవరి పలకరింపు కోసం దిగను? సిగ్గు విడిచి రాస్తున్నాను, నాకు భయంగా ఉంది.

గురువారం. పోటు. ఉప్పు మంచు.

భూలోకం ఆలస్యంగా వచ్చాడు. ముందు దగ్గు వచ్చింది, వెనక పడవ వచ్చింది.

"ఆయ్… అక్క…" దాంతో సరి. దగ్గు ఎగదన్నింది.

"పిలవద్దులే! ఉన్నాను! బుట్ట కట్టి కూర్చో!"

కట్టాడు. నేను చక్రం తిప్పాను. సగం దూరం వచ్చాక తాడు అటువైపు బిగుసుకుపోయింది. కొమ్ము మైకు పట్టుకుని అరిచాను, పలకలేదు. మసకబారిన పాత దుర్భిణి పెట్టి చూస్తే పడవలో వెల్లకిలా పడి ఉన్నాడు. తువ్వాలు ఊడి నీళ్లల్లో పడింది. ఛాతీ ఎగిసిపడుతోంది.

రేడియోలో చెప్పినా ఒడ్డునుంచి మనిషి వచ్చేసరికి పూట పడుతుంది. నా పడవకి చిన్న తెప్ప ఉంది, ప్రమాదానికి వాడేది. దాని తాడు మీద చెయ్యి వేశాను. దిగితే పరీక్ష అక్కడికక్కడే భంగం, ఆ భంగం కూడా ఎరుపు కిందే లెక్క. మూడోది. అంటే వెళ్లి అతన్ని లేపి కూర్చోబెడితే, అతన్ని బతికించే మందును నా చేత్తోనే పూడ్చేసినట్టు. ఆ తాడు పట్టుకుని నిలబడ్డాను. ఏడుపొచ్చింది. పెద్దగానే ఏడ్చాను, వినేవాళ్లెవరు గనక.

ఎంతసేపటికో లేచి కూర్చున్నాడు. చెయ్యి ఊపాడు. బుట్ట వదిలాడు.

"బయపడ్డారాండీ?" అని మాట మధ్యలో గాలి తీసుకుంటూ అరిచాడు. "నాకేం కాదండి… మీకు సరుకులెవరేత్తారని…"

తరవాణి తాగబోయి, ఓపిక లేక మూత పెట్టేశాడు. ఆ క్యారేజీ వంక చూస్తూ ఉండిపోయాను. కావలసినది అతని చేతిలోనే ఉంది, నా దగ్గర మాటొకటే ఉంది. ఆ మాట దాచుకుని నేనేం ఉద్ధరిస్తున్నానో నాకే అర్థం కాలేదు.

శుక్రవారం. ఆటు. గాలి పడింది.

మోతాదు వేసుకోలేదు. రేడియో నేనే మోగించాను.

"శేషఫణిగారూ, ఒక మాట చెప్పాలండీ."

"ఇది రికార్డవుతోంది మాణిక్యం గారూ. ఆలోచించుకునే చెబుతున్నారా?"

"ఆలోచించీ ఆలోచించీ మనిషి ప్రాణం మీదకి తెచ్చానండి. ఈ పొడి నా తోడబుట్టినదానిది. మొదటి రోజే పోల్చుకున్నాను. ఇది నీళ్లతో వేసుకునేది కాదు. తరవాణి తేటలో రాత్రంతా నానాలి. పొద్దుటికి పైన నురగ కడుతుంది. ఆ నురగ తీసేసి తాగాలి. అప్పుడు దీని మంట చచ్చిపోతుంది, దగ్గు మీద పనిచేసేది మిగులుతుంది."

చెప్పేశాను. నోరు దాటిపోయింది. పడవ మునగలేదు, ఆకాశం ఊడిపడలేదు, కానీ అమ్మ చెయ్యి నా మణికట్టు వదిలేసినట్టనిపించింది.

తరవాత శేషఫణిగారు, "పులిసిన తేటలో ప్రాణమున్నవి కోట్లు ఉంటాయి. వేరులోని ఘాటుని అవి తినేస్తాయి కాబోలు," అన్నారు. ఆ వెనకే, "మాడు సంగతి మీరు రాసిన రోజే చదివానండీ," అన్నారు.

నేను విన్నది నిజమేనా అని రేడియో చప్పుడు పెంచాను.

"మీ 'ఇతర విశేషాలు' వారం వారం చదువుతాను. ఇక్కడ నా గదిలో కూడా ఎక్కువమంది ఉండరు. చదవనట్టు ఊరుకున్నాను. మీరు నోటితో చెప్పాక మాత్రం ఊరుకోవడం కుదరదు. మీ అనుమతి రద్దవుతుంది."

"అవనివ్వండి. కానీ పరీక్ష రద్దు కాకూడదు. చట్టంలో ఒక మాట ఉంది. రోగి ఇష్టపడితే, ఒంటరిగా మండలం ఉండగలిగితే, తానే పరీక్షకుడు కావచ్చు." ఈ పడవ మీద చదువుకోవడానికి చట్టం తప్ప మరో పుస్తకం లేదు, నాకు మినహాయింపులతో సహా కంఠతా వచ్చు.

"ఉంది. ఇంతవరకు ఎవరూ వాడలేదు. జబ్బుపడ్డవాడు ఒంటరిగా ఉండాలని ఎందుకు కోరుకుంటాడండీ?"

"అడిగి చూస్తాను. మరి తడి సరుకో?"

కాగితాలు తిప్పిన చప్పుడు వినిపించింది. "తడి సరుకు పంపకూడదని ఉంది. పడవ మీద నానబెట్టకూడదని నాకైతే ఎక్కడా కనిపించడం లేదు," అన్నారు. ఆ గొంతులో మొదటిసారి కాస్త ఎత్తుపల్లం వినిపించింది.

శనివారం. పోటు. ఎండ.

కబురు అందగానే భూలోకం వచ్చాడు. ఎర్ర బోయా దగ్గర అలవాటుగా ఆగిపోయాడు.

"దాటి రావయ్యా! ఇవాళ రావచ్చు!"

"నిజవేనాండీ? పట్టుకుంటారేమోనండి!"

"నేనే చెబుతున్నాను కదా, రా!"

పడవ పక్కకి వచ్చింది. గొంతు విని ఆజానుబాహువు అనుకున్నాను. నా భుజం దాకా కూడా రాడు. గడ్డం కింద చిన్న మచ్చ, తెల్లబడిన మీసం, దగ్గీ దగ్గీ ఎర్రబడ్డ కళ్లు. నన్నూ అలాగే ఎగాదిగా చూశాడు.

"మీరింత సన్నంగా ఉంటారనుకోలేదండి. మైకులో పెద్దమనిసిలా ఉంటారు."

సంగతంతా చెప్పాను. మండలం పాటు ఒక్కడే ఉండాలి, పట్టీ ఎర్రబడితే తీసుకుపోతారు, మందు పోతుంది, పనిచేస్తే మందు అందరికీ వస్తుంది. ఇష్టం లేకపోతే లేదని చెప్పెయ్యమన్నాను. "ఒంటిగాణ్ణే కదండి, మా వొదిన కాడ తింటాను. ఈ దగ్గుతో ఆళ్లనీ పడుకోనిత్తం లేదు. ఉంటానండి," అన్నాడు.

నా చేతి పట్టీ విప్పి అతని చేతికి కట్టాను. మనిషి చెయ్యి ఎంత వెచ్చగా ఉంటుందో మరిచిపోయాను. కట్టడం అయిపోయినా కాసేపు ఊరికే పట్టుకుని సర్దుతున్నట్టు నటించాను. గమనించాడో లేదో, చెయ్యి మాత్రం లాక్కోలేదు.

తరవాత అతని క్యారేజీలోని తరవాణి తేట వంచి, పొడి కలిపి, గిన్నె మూతికి గుడ్డ వాసెన కట్టాను.

"ఇదా అండీ! ఇన్నాళ్లూ నా క్యారేజీలో ఉన్నదేనా!" అని నవ్వి, దగ్గు ముంచుకొచ్చి కూలబడ్డాడు.

"నవ్వకు బాబూ నీకు దండం పెడతాను."

పొయ్యి, చక్రం, నీళ్ల తొట్టి చూపించాను. పడవ మీద ఇద్దరు ఉండకూడదు, తొందరగా దిగాలి. దిగుతుంటే అడిగాడు, "ఇక్కడ పొద్దెలా పుచ్చుతారండీ?"

"రాస్తాను."

"నాకు రాత రాదు కదండీ."

"అయితే దాచుకో. గురువారం చెబుదువుగాని."

అతని పడవ నేను తీసుకున్నాను. సరుకులు వేసే మనిషే పడవెక్కాడు గనక, మరో మనిషి దొరికేదాకా ఆ పని నన్నే చూసుకోమన్నారు శేషఫణిగారు. బోయా దాటేటప్పుడు వెనక్కి చూస్తే, నా కిటికీలో అతను చెయ్యి ఊపుతున్నాడు. ఇన్నాళ్లూ బయటినుంచి నేనూ అంతే కనిపించేదాన్నన్నమాట.

గురువారం. పోటు. తెప్పల రేవు.

నింపాల్సిన గడులు ఇప్పుడు లేవు. అలవాటు పోక రాస్తున్నాను.

ఒడ్డున మొదటి పూట ఎండుచేపల పులుసు తిన్నాను. ఒక్క ముద్దకే కళ్లల్లో నీళ్లు. నాలుకకి ఉప్పు తగిలిన సంబరమో, పక్కన కూర్చుని తినేవాళ్లు లేరన్న బాధో తెలియలేదు. రేవులో జనం నన్ను చూసి గొంతు తగ్గిస్తున్నారు. గవర్నమెంటు నాలుక దిగి వచ్చిందంటే ఎవరి కుండలు పగలగొట్టడానికోనని.

బోయా దగ్గరికి వెళ్లేలోపే అతని దగ్గు వినిపించింది. తగ్గలేదు. పట్టీ పసుపట. డొక్కలో మంట లేదట, అదొక్కటే కాస్త నయం. వాళ్ల వదిన ఇచ్చిన తరవాణితో సహా బుట్ట పంపి తిరిగి వచ్చాను. నాలుగు లంగర్లకీ సరుకులు వేస్తున్నంతసేపూ ఒకటే మాట బుర్ర తొలిచేసింది. నోరు దాటింది గనక మందు చచ్చిపోయిందా? అమ్మ చెప్పిందే నిజమా? నేను చదువుకున్నదాన్ని, పులిసిన తేటలో ఏముంటుందో తెలిసినదాన్ని, అయినా ఆ భయం పోలేదు.

బుధవారం. ఆటు. తెప్పల రేవు.

పడవ కడుగుతుంటే ఎదురుగా అక్క. జుట్టంతా నెరిసిపోయింది. చంకలో గుడ్డ కట్టిన కుండ.

"చెప్పేసేవంటగా. లోకమంతటికీ."

"చెప్పానక్కా."

"అమ్మకి ఒట్టేసేవు."

"వేశాను. అక్కడ మనిషి పోతున్నాడక్కా, నేను చూస్తూ నించోలేకపోయాను. నన్ను తిట్టు."

తిట్టలేదు. కుండ పడవలో పెట్టింది. "వాళ్లింటి తరవాణి ఏవిటే, ఉత్త నీళ్లు. దానికి నురగెలా కడతాది? ఇది అమ్మ కుండలోది. అప్పటినుంచీ ఒక్కరోజు ఎండనివ్వలేదు," అంది. నాలుగడుగులు వేసి, వెనక్కి తిరక్కుండానే, "ఆ పొడి ఉత్తినే మింగేవంట. ఒళ్లెలా ఉందే?" అని అడిగింది.

"బానే ఉందక్కా," అన్నాను.

ఆ కుండ పట్టుకుని ఇప్పుడే బోయా దగ్గరికి వెళ్లి అందించి వచ్చాను. రేపటి గురువారం దాకా కూడా ఆగడం నావల్ల కాలేదు. అతను దగ్గుతూనే తీసుకున్నాడు.

గురువారం. పోటు. ఎండ. గాలి లేదు.

పోయిన వారం మంచు వల్ల బోయా దాకా పోనివ్వలేదు. సరుకులు మండలి డ్రోను వేసి వచ్చింది. రేడియోలో శేషఫణిగారిని అడిగితే, పరీక్ష నడుస్తుండగా అంకెలు చెప్పకూడదన్నారు. "మీరు వెళ్లి వినండి," అన్నారు, అంతే.

ఇవాళ వెళ్లాను. మోటారు తగ్గించి చెవులు రిక్కించాను. అలల చప్పుడు తప్ప ఏమీ లేదు. బోయా దగ్గర పడవ ఆపాను. దగ్గు లేదు. దగ్గు లేకపోవడం అంటే రెండు అర్థాలు.

"ఏమయ్యా భూలోకం! ఉన్నావా?"

పలకలేదు. కిటికీలో ఎవరూ లేరు.

"భూలోకం!"

గొంతు చించుకుని మళ్లీ అరవబోతుంటే, ఆ పడవ వెనకవైపునుంచి జవాబు వచ్చింది. "ఆయ్! లేకపోతే ఎక్కడికి పోతానండీ? సంతకెల్లేనా?" బట్టలు ఆరేస్తున్నవాడు తడి చేతులతో పరుగెత్తుకొచ్చాడు. నవ్వాడు. నవ్వు మొత్తం నవ్వాడు, చివరిదాకా, మధ్యలో ఏదీ తగులుకోలేదు. చెయ్యి పైకెత్తి చూపించాడు. ఇంత దూరానికీ పట్టీ ఆకుపచ్చగా కనిపించింది.

అమ్మా, నోరు దాటినా చావలేదే, అని పైకే అన్నాను.

బుట్ట కట్టాను. అతను చక్రం తిప్పి లాక్కున్నాడు. మందు గురించి, అక్క కుండ గురించి, కట్టిన నురగ గురించి అరిచి చెప్పాడు. ఇంకా మండలం పూర్తి కావాలి, కానీ దగ్గు మాత్రం పోయింది. ఇక నాలుగు లంగర్లు నాకోసం చూస్తూ ఉంటాయి. మోటారు తాడు మీద చెయ్యి వేశాను.

"అక్కగారండీ…"

"ఏమయ్యా?"

ఒక చేత్తో కిటికీ ఊచ, ఇంకో చేత్తో కొమ్ము మైకు పట్టుకుని నిలబడ్డాడు. "మోటారు సప్పుడాగిపోయేక ఇక్కడ ఎలాగుంటదో… మీరెప్పుడూ సెప్పలేదేటండీ?"

"నువ్వు అడగలేదు కదయ్యా."

"అడగలేదండి. బుట్ట కట్టేసి ఎల్లిపోయేవోణ్ణి." మైకులో గొంతు సన్నబడింది. "ఇన్నేళ్లూ ఎల్లిపోయేవోణ్ణండి."

మోటారు తాడు వదిలేశాను. పడవ తాడు తీసి బోయాకి రెండు చుట్లు చుట్టి ముడివేశాను. నా క్యారేజీ మూత తీసి అన్నం ముందు పెట్టుకుని, అతని వైపు తిరిగి కూర్చున్నాను.

"తొందరేం లేదు. ఈ రోజులన్నీ ఏం చేశావో మొదటినుంచీ చెప్పు," అన్నాను.